ఫ్రీజర్‌లో దాచింది పొదుపా, వాయిదానా?

టమాట అగ్గువైన నెలలో కోత కూలీ కూడా గిట్టక రైతు పంటను చేలోనే వదిలేస్తాడు. పిరమైన నెలలో అదే టమాటను పట్నంలో పావుకిలో చొప్పున కొని పులుసు పలచన చేసుకుంటారు. 2023 జులైలో కిలో నూరు రూపాయలు దాటిపోయింది. కేంద్ర ప్రభుత్వం సహకార సంస్థ ఎన్‌సీసీఎఫ్ చేత ఢిల్లీ వీధుల్లో కిలో 90 రూపాయల రాయితీ ధరకు అమ్మించాల్సి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో నిమ్మకాయ ఒక్కొక్కటి పది రూపాయలు పలికింది. శ్రీశైలం రోడ్డు మీది కందుకూరు, పక్కనున్న మహేశ్వరం, ఇబ్రహీంపట్నం, యాచారం మండలాలు హైదరాబాద్‌కు కూరగాయలు పంపే ప్రాంతాలు. ధరల ఈ ఎగుడుదిగుళ్లు ఇక్కడ అమ్మేవాళ్లకూ తెలుసు, కొనేవాళ్లకూ తెలుసు.

ఈ పరిస్థితిలో తరచూ వినిపించే సలహా ఒకటుంది. అగ్గువైనప్పుడు ఎక్కువ కొని ఫ్రీజర్‌లో పెట్టుకోండి, మిగిలిన కూర పారేయకుండా గడ్డకట్టించండి, డబ్బుకు డబ్బు మిగులుతుంది, తిండి వృథా తగ్గుతుంది అని. ఇందులో రెండు వాదనలున్నాయి, ఒకటి పైసలది, మరొకటి వృథాది. ఆ వెనకే రెండు సందేహాలూ ఉన్నాయి. గడ్డకట్టిన తిండిలో సత్తువ ఉంటుందా? అది తింటే ఒంటికి మంచిదేనా? ఈ నాలుగింటినీ విడివిడిగా తూచి చూడాలి. అన్నీ కలిపేసి మాట్లాడటం వల్లనే ఫ్రీజర్ కొందరికి సర్వరోగ నివారిణిలా, కొందరికి పాచి తిండి పెట్టెలా కనిపిస్తోంది.

ఇంట్లో పోయేది, దారిలో పోయేది

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో వెలువరించిన ఆహార వృథా సూచీ నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం 105 కోట్ల టన్నుల ఆహారాన్ని వృథా చేసింది. అందులో 60 శాతం ఇళ్లలో జరిగింది. భారతదేశానికి ఆ నివేదిక వేసిన అంచనా తలకు ఏడాదికి 55 కిలోలు, దేశం మొత్తానికి 7.8 కోట్ల టన్నులు. నలుగురున్న ఇంటికి లెక్కగడితే రోజుకు 600 గ్రాములు.

అంకె పెద్దదే కానీ, అందులో ఏమేం కలిసి ఉన్నాయో గమనించాలి. ఈ లెక్కలో తొక్కలు, ఎముకలు, టెంకలు, గింజలు కూడా వృథా కిందికే వస్తాయి. అరటికాయ తొక్కనూ కోడి ఎముకనూ ఫ్రీజర్ ఏం చేస్తుంది? తినగలిగి ఉండీ పాడైపోయి పారేసింది ఎంతో, అంతవరకే ఫ్రీజర్ పరిధి. అది ఈ 600 గ్రాముల్లో ఒక భాగం మాత్రమే.

మరో లెక్క కూడా తరచూ దీనితో కలిసిపోతుంది. నాబార్డ్ అనుబంధ సంస్థ నాబ్‌కాన్స్ 2022లో ఇచ్చిన అధ్యయనం ప్రకారం పంట కోత తర్వాత దేశం నష్టపోతున్న సరుకు విలువ ఏడాదికి 1,52,790 కోట్ల రూపాయలు. కూరగాయల్లో నష్టం పంటను బట్టి 4.87 నుంచి 11.61 శాతం, పండ్లలో 6.02 నుంచి 15.05 శాతం. ఇది చేలో, బండిలో, మార్కెట్ యార్డులో, అంగట్లో జరిగే నష్టం. దాన్ని ఆపడానికి కోల్డ్ స్టోరేజీ, మంచి క్రేట్లు, దగ్గరలో గుజ్జు తీసే యూనిట్లు కావాలి. ఇంట్లో ఇల్లాలు రెండు కిలోల టమాట గుజ్జు దాచినంత మాత్రాన రైతు చేలో కుళ్లే పంట తగ్గదు. కాబట్టి ఇంటి ఫ్రీజర్‌ను ఇంటి లెక్కతోనే తూచాలి.

నిల్వ మనకు కొత్త కాదు

తెలుగు ఇంట్లో పంట మిగిలితే ఎండకు వేయడం తెలుసు, ఉప్పులో ఊరేయడం తెలుసు, నూనెలో ముంచడం తెలుసు. వంకాయ ఒరుగులు, మామిడి ఒరుగులు, చల్ల మిరపకాయలు, వడియాలు, చింతపండు, ఎండు చేప, టమాట తొక్కు అన్నీ నిల్వ విద్యలే. వీటన్నిటి కిటుకు ఒక్కటే, సూక్ష్మజీవికి నీరు దక్కకుండా చేయడం. ఎండ నీటిని లాగేస్తుంది. ఉప్పు ఉన్న నీటిని కట్టేస్తుంది. ఫ్రీజర్ కూడా చేసేది అదే. నీరు మంచుగా మారాక అది వస్తువులోనే ఉన్నా సూక్ష్మజీవికి అందదు.

తేడా రుచిలో వస్తుంది. ఒరుగు కూర పచ్చి వంకాయ కూర కాదు, అది వేరే వంటకం. తొక్కు కూడా అంతే. ఫ్రీజర్ వస్తువు రుచిని మార్చకుండా ఉంచే ప్రయత్నం చేస్తుంది. అందుకే ఎండనూ ఉప్పునూ తట్టుకోని వస్తువులకు అది నిజంగా అవసరం. తెలంగాణలో ఇందుకు మంచి ఉదాహరణ సీతాఫలం. పాలమూరు బాలానగర్ పేరు మీదే ఈ పండులో ఒక ప్రసిద్ధ రకం ఉంది. దసరా, దీపావళి రోజుల్లో నాలుగు వారాలు రోడ్ల పక్కన గుట్టలు పోసి అమ్ముతారు, తర్వాత కనబడదు. పండితే రెండు రోజులు ఆగదు. మామిడిలా ఉడికించి దాచుదామంటే వేడి తగలగానే గుజ్జు చేదెక్కుతుంది. ఎండబెడితే నల్లబడుతుంది. గింజలు తీసిన గుజ్జును గడ్డకట్టించడం ఒక్కటే దానికి దారి. హైదరాబాద్‌లో సీతాఫలం ఐస్‌క్రీమ్ కాలం కాని కాలంలోనూ దొరుకుతోందంటే కారణం అదే.

ఆహారాన్ని వేగంగా గడ్డకట్టించే పారిశ్రామిక పద్ధతికి దారి వేసినవాడు అమెరికాకు చెందిన క్లారెన్స్ బర్డ్స్‌ఐ. 1910ల్లో కెనడాలోని లాబ్రడార్ మంచు ప్రాంతంలో ఉన్నప్పుడు, గడ్డకట్టే గాలికి పట్టిన చేప చూస్తుండగానే బిగుసుకుపోవడం, నెలల తర్వాత వండినా తాజాగా ఉండటం గమనించాడు. 1930లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ దుకాణాల్లో ఆయన గడ్డకట్టించిన ఆహారం అమ్మకానికి వచ్చింది. మన దగ్గర 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ తర్వాతి కాలంలో ఫ్రిజ్‌లు తయారుచేసి మధ్యతరగతి ఇళ్లలోకి పంపింది. అయితే చాలాకాలం ఇక్కడ ఫ్రిజ్ అంటే చల్లని నీళ్లు, పాలు, పెరుగు, పిండి. పైనున్న చిన్న గది ఐస్ ముక్కలకే పరిమితం.

చలి చేసేది, చేయలేనిది

నీరు మంచుగా మారేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. నెమ్మదిగా గడ్డకడితే కణాల మధ్య పెద్ద మంచు పలుకులు ఏర్పడి కణాల గోడల్ని చీలుస్తాయి. కరిగాక ఆ నీరంతా బయటికి కారి కూర మెత్తబడుతుంది. వేగంగా గడ్డకడితే పలుకులు సన్నగా ఉంటాయి, నష్టం తక్కువ. ఫ్యాక్టరీ బఠాణీకి, ఇంట్లో గడ్డకట్టిన బఠాణీకి తేడా ఇక్కడే వస్తుంది. ఇంట్లో వేగం పెంచాలంటే ఉపాయం ఒక్కటే, పలచగా పరచడం. కిలో గుజ్జు ఒకే డబ్బాలో పోస్తే మధ్యభాగం గడ్డకట్టడానికి ఒక పూటకు పైనే పడుతుంది. అదే గుజ్జును కవర్లలో అట్టలా చదును చేసి పెడితే చాలా త్వరగా గడ్డకడుతుంది, తీసేటప్పుడూ కావలసినంత విరుచుకోవచ్చు.

చలి పూర్తిగా అణచలేనివి రెండున్నాయి. మొదటిది కూరగాయలోని ఎంజైములు. ఇవి చలిలో నెమ్మదిస్తాయే కానీ ఆగవు. బఠాణీ గింజను నేరుగా ఫ్రీజర్‌లో పెడితే రెండు నెలలకు రంగు మారి గడ్డివాసన రావడానికి కారణం ఇవే. అందుకే ముందు మరిగే నీళ్లలో ముంచి తీయాలి. బఠాణీకి ఒకటిన్నర నిమిషం, క్యారెట్ ముక్కలకు రెండు, ఆకుకూరలకు రెండు, బీన్స్‌కూ గోబీపువ్వుకూ మూడు నిమిషాలు చాలు. తీయగానే అంతసేపు ఐస్ నీళ్లలో వేసి, తడి లేకుండా ఆరబెట్టి, పళ్లెంలో విడివిడిగా గడ్డకట్టించి, ఆ తర్వాత గాలి లేకుండా కవర్‌లో కట్టాలి. గాలి మిగిలితే పైపొర ఎండి తెల్లబారి పీచులా తయారవుతుంది.

రెండోది సూక్ష్మజీవులు. గడ్డకట్టే చలిలో అవి పెరగవు, కానీ చావవు. కరిగిన మరుక్షణం మళ్లీ మొదలవుతాయి. యూరప్‌లో 2015 నుంచి 2018 వరకు గడ్డకట్టించిన మక్కగింజల ద్వారా లిస్టీరియా సోకి అయిదు దేశాల్లో 47 మంది జబ్బుపడ్డారు, తొమ్మిది మంది చనిపోయారు. ఆ సరుకు హంగరీలోని ఒక ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. ఫ్రీజర్‌లో పెట్టేటప్పుడు ఎంత శుభ్రంగా ఉందో తీసేటప్పుడూ అంతే శుభ్రంగా ఉంటుంది తప్ప అంతకన్నా శుభ్రం కాదని దాని అర్థం. పాడవబోతున్న కూరను కాపాడదామని ఫ్రీజర్‌లో పెట్టేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇదే.

ఏవి తట్టుకుంటాయి

టమాటను ఉడికించి గుజ్జు చేస్తే ఆర్నెల్లు నిక్షేపంగా ఉంటుంది. పచ్చిగా పెట్టినా నష్టం లేదు, కరిగాక తోలు దానంతటదే ఊడొస్తుంది, కూరకు పనికొస్తుంది, సలాడ్‌కు పనికిరాదు. నిమ్మరసం ఐస్ ట్రేలలో ముక్కలు చేసి పెట్టుకుంటే వేసవి దాటేస్తుంది. పచ్చికొబ్బరి తురుము, అల్లం ఎల్లిగడ్డ ముద్ద, పచ్చిమిర్చి, మామిడి గుజ్జు, మక్కగింజలు బాగా ఆగుతాయి. వేసవిలో కొద్దివారాలే దొరికే చింతచిగురు కూడా ఆగుతుంది, ఎండబెట్టే పాత పద్ధతి దానికి ఎలాగూ ఉంది. పుంటికూర పచ్చిగా పెడితే నల్లబడుతుంది, నూనెలో మగ్గించి పెడితే పప్పుకూ మాంసానికీ చక్కగా సరిపోతుంది. కొత్తిమీర వాడిపోయినట్టు మెత్తబడుతుంది కానీ చారులో వాసన ఇస్తుంది.

వండినవాటిలో పప్పు, సాంబారు, శనగలు, రాజ్మా, మాంసం కూరలు, చపాతీలు, ఇడ్లీలు తట్టుకుంటాయి. అన్నం కూడా తట్టుకుంటుంది, బిర్యానీ సైతం. ఆలుగడ్డ కూర మాత్రం కరిగాక ఇసుకలా పలుకుపలుకుగా మారుతుంది. ఉడికించిన గుడ్డు తెల్లసొన రబ్బరవుతుంది. పెరుగు విరిగి నీళ్లు విడుతుంది. దోసకాయ, కీర, ముల్లంగి, సొరకాయలాంటి నీటికాయలకు ఫ్రీజర్ పనికిరాదు. గాజు సీసా నిండా రసం పోసి పెడితే సీసా పగులుతుంది, పెంకు గుడ్డూ అంతే.

మాంసం విషయంలో మన ఊళ్లకు ఫ్రీజర్ అవసరం పండుగలతో ముడిపడి ఉంది. బోనాల తర్వాత, దసరా తర్వాత ఇంట్లో ఒకేసారి తినలేనంత మాంసం మిగులుతుంది. బక్రీద్ కుర్బానీలో పేదలకూ బంధువులకూ పంచాక ఇంటివాళ్లకు వచ్చే వాటా కూడా ఒక్క పూటలో అయ్యేది కాదు. ఒక్కోసారి వండుకునేంత పొట్లాలు కట్టి వెంటనే ఫ్రీజర్‌కు పంపితే ఆ మాంసం నెలల తరబడి ఉంటుంది. పొద్దున తెచ్చింది సాయంత్రం దాకా గట్టు మీద ఉంచి, ఆ తర్వాత ఫ్రీజర్‌లో పెడితే మాత్రం ఆ కొన్ని గంటల్లో పెరిగిన సూక్ష్మజీవులను కూడా కలిపి దాచినట్టే.

మీ ఫ్రీజర్ నిజంగా ఫ్రీజరేనా

విదేశీ పుస్తకాల్లోని గడువులన్నీ మైనస్ 18 డిగ్రీలను లెక్కలో పెట్టుకుని రాసినవి. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఒకే తలుపు ఫ్రిజ్. దాని పైగదిలో ఐస్ గడ్డకడుతుంది కాబట్టి అది ఫ్రీజరే అనుకుంటాం. ఐస్ గడ్డకట్టడానికి సున్నా డిగ్రీలు చాలు. ఫ్రీజర్ గది మీద నక్షత్ర గుర్తులుంటే అవి కరెంటు పొదుపు స్టార్లు కావు, చలికి సంబంధించినవి. ఒక నక్షత్రం మైనస్ 6, రెండు మైనస్ 12, మూడు మైనస్ 18 డిగ్రీలు. ఒక నక్షత్రం గదిలో గడ్డకట్టిన తిండికి వారమే గడువు, రెండింటికి నెల, మూడింటికి వస్తువును బట్టి మూడు నెలలు, ఆ పైన. పైన టమాట గుజ్జుకు చెప్పిన ఆర్నెల్లు ఒకే తలుపు ఫ్రిజ్ పైగదికి వర్తించవు. వంద రూపాయల నుంచి దొరికే చిన్న థర్మామీటరు ఒక రాత్రి లోపల పెట్టి చూస్తే మీ ఇంటి సంగతి తేలిపోతుంది.

జాగా మరో పరిమితి. ఒకే తలుపు ఫ్రిజ్‌లో పైగది పదిహేను, ఇరవై లీటర్లకు మించదు. రెండు తలుపుల దాంట్లో యాభై, అరవై లీటర్లు ఉంటుంది. అసలు ఫ్రిజ్ ఉన్న ఇళ్లే అన్నీ కావు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో వంద ఇళ్లకు 38 ఇళ్లలోనే ఫ్రిజ్ ఉంది. కూలి ఇళ్లకు ఈ చర్చ అందని దూరంలో ఉందన్నది ముందే ఒప్పుకోవాలి.

పైసల లెక్క

ఇంట్లో ఇప్పటికే ఉన్న ఫ్రీజర్‌లో కిలో టమాట గడ్డకట్టించడానికి అయ్యే కరెంటు స్వల్పం. 30 డిగ్రీల నుంచి మైనస్ 18కి దించడానికి లాగాల్సిన వేడి యూనిట్‌లో ఏడో వంతు దాకా ఉంటుంది. కంప్రెసర్ ఆ పనికి అంతకన్నా తక్కువ కరెంటే తీసుకుంటుంది. రూపాయి కూడా కాదు. కాబట్టి అసలు ఖరీదు జాగాదే. ఒక లీటరు జాగాలో ఏడాదికి ఎంత మిగిలిందన్నదే సరైన కొలత.

కొన్ని ధరలు అనుకుని చూద్దాం. కిలో 20 చొప్పున అయిదు కిలోల టమాట కొని గుజ్జు చేస్తే రెండున్నర లీటర్లవుతుంది. అదే టమాట నూరు పలికిన నెలలో వాడితే మిగిలేది 400 రూపాయలు, అంటే లీటరు జాగాకు 160. నిమ్మకాయ రెండు రూపాయలున్నప్పుడు వంద కాయలు పిండితే రసం రెండున్నర, మూడు లీటర్లు వస్తుంది. వేసవిలో కాయ ఎనిమిది రూపాయలైతే మిగిలేది 600, లీటరుకు రెండు వందల పైచిలుకు. బఠాణీ సంగతి వేరు. కాయ కిలో 50 అయితే, గింజ సగానికి కాస్త తక్కువ తూగుతుంది కాబట్టి గింజ ధర 110 దాకా పడుతుంది. దుకాణంలో గడ్డకట్టిన ప్యాకెట్ కిలో 160 అనుకుంటే మిగిలింది 50, లీటరుకు ముప్పయి. ఒలవడానికీ, ముంచి తీయడానికీ, ఆరబెట్టడానికీ గంటకు పైగా పోతుంది. అందరూ మొదట దాచేది బఠాణీ, అందులోనే లాభం అన్నిటికన్నా తక్కువ.

ఇక టమాట, నిమ్మ లెక్కల్లోనూ ఒక జూదం ఉంది. ధర పెరిగితేనే ఆ లాభం. పెరగని ఏడాది ఆ జాగా ఊరికే పోయినట్టే. దీనికి ఎదురుగా మిగిలిన కూరను చూడండి. ఆదివారం మిగిలిన అరకిలో మాంసం కూర అర లీటరు జాగాలో గురువారం దాకా ఉండి తిన్నారంటే, వండుకోవాల్సిన ఒక పూట కూర ఖర్చు అక్కడికక్కడే మిగిలింది. ఆ అర లీటరు వారం వారం ఖాళీ అయి మళ్లీ నిండుతుంది. ఏడాదికొకసారి తీసే టమాట గుజ్జు కన్నా వారానికొకసారి తిరిగే డబ్బా ఇంటికి ఎక్కువ ఇస్తుంది.

వేరే డీప్ ఫ్రీజర్ కొనడం ఇంకో లెక్క, అందులో మన తెలంగాణలో ఒక చిక్కు ఉంది. చిన్న డీప్ ఫ్రీజర్ కూడా మన ఎండల్లో రోజుకు ఇంచుమించు ఒక యూనిట్ తీసుకుంటుంది, నెలకు పాతిక యూనిట్లు అనుకుందాం. 2022 ఏప్రిల్ నుంచి అమలైన ధరల పట్టికలో నెలకు 190 యూనిట్లు కాల్చే ఇల్లు మొదటి వందకు 3.40, మిగతా 90కి 4.80 చొప్పున 772 రూపాయలు కడుతుంది. 215 యూనిట్లయితే శ్లాబే మారిపోతుంది. మొదటి 200కు 5.10, పై పదిహేనుకు 7.70 చొప్పున 1,135 రూపాయలు దాటుతుంది. పాతిక యూనిట్లకు నెలకు 363 రూపాయల భారం, ఇతర చార్జీలు కాకుండానే. 2024 మార్చి బిల్లుల నుంచి రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తున్న ఇంటికైతే గీత దాటిన నెల మొత్తం బిల్లు మీద పడుతుంది. ఎన్ని టమాటలు దాస్తే ఈ డబ్బు వెనక్కొస్తుంది? మాంసం దుకాణం, టిఫిన్ సెంటర్, ఇంటి నుంచి వంట అమ్మేవాళ్లు తప్ప మామూలు ఇల్లు డీప్ ఫ్రీజర్ కొంటే నష్టమే.

సత్తువ, భద్రత

గడ్డకట్టిన కూరగాయలో ఏమీ మిగలదనే నమ్మకానికి ఆధారం లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 2015లో బఠాణీ, క్యారెట్, పాలకూర, బీన్స్, మక్క సహా ఎనిమిది రకాలను పరీక్షించారు. విటమిన్లలో చాలావరకు తాజావాటికీ గడ్డకట్టించినవాటికీ తేడా స్వల్పం, కొన్నింట గడ్డకట్టినవే మెరుగు. బఠాణీ, క్యారెట్, పాలకూరల్లో బీటా కెరోటిన్ మాత్రం తగ్గింది. వేడినీళ్లలో ముంచినప్పుడు విటమిన్ సి కొంత పోతుంది. అయితే నాలుగైదు రోజులు ఫ్రిజ్ అడుగున వాడిన ఆకుకూరలోనూ అది పోతుంది. పొద్దున కోసి సాయంత్రం వండే కందుకూరు ఆకుకూరను మాత్రం ఏ ఫ్రీజరూ దాటలేదు.

భద్రత విషయంలో తప్పులు రెండు చోట్ల జరుగుతాయి, పెట్టేటప్పుడు, తీసేటప్పుడు. 5 నుంచి 60 డిగ్రీల నడుమ సూక్ష్మజీవులు చురుగ్గా పెరుగుతాయి. వండిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ బీజాలు ఉడికినా చావవు. రాత్రంతా గిన్నెలో ఉన్న అన్నంలో అవి మొలకెత్తి విషం వదులుతాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. మిగిలిందనుకున్న అన్నాన్ని రెండు గంటల్లోపు పళ్లెంలో పలచగా ఆరబెట్టి ఫ్రీజర్‌కు పంపాలి. తీసేటప్పుడు మాంసాన్ని గట్టు మీద కరగనివ్వకుండా ముందు రాత్రే కింది గదిలోకి మార్చాలి. పప్పు, సాంబారు నేరుగా పొయ్యి మీద పెట్టి పొగలు వచ్చేదాకా మరిగించవచ్చు. బయట కరిగిన పచ్చిమాంసాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు, వండాక దాచుకోవచ్చు.

ఏప్రిల్, మే ఈదురుగాలులకు కరెంటు పోతే తలుపు తెరవకపోవడమే మందు. నిండుగా ఉన్న డీప్ ఫ్రీజర్ రెండు రోజులు, సగం ఉన్నది ఒక రోజు చలిని పట్టి ఉంచుతాయి. ఒకే తలుపు ఫ్రిజ్ పైగదికి అంత ఓపిక లేదు, కొన్ని గంటల్లోనే కారడం మొదలవుతుంది. లోపలివి మెత్తబడ్డాయంటే ఆ పూటే వండేయాలి.

పెట్టడం తెలుసు, తీయడం మరుస్తాం

వృథా తగ్గుతుందన్న రెండో వాదనకు ఆధారాలు కలిసిరావు. డచ్ కుటుంబాల మీద 2017లో వచ్చిన అధ్యయనం గడ్డకట్టించి అమ్మే ఆహారం తాజా ఆహారం కన్నా తక్కువ వృథా అవుతుందని చూపింది. కానీ అది దుకాణంలో కొన్న ప్యాకెట్ల గురించి. కొలిచి కట్టి, పేరు రాసి, గడువు వేసి ఉన్న సరుకు అది. ఇంట్లో మిగిలిన కూర డబ్బాకు అవేవీ ఉండవు. మాంచెస్టర్ ప్రాంతపు ఇళ్లలోకి వెళ్లి చూసి 2014లో పుస్తకం రాసిన సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ ఇవాన్స్ గమనించింది మరొకటి. మిగిలిన తిండిని చెత్తబుట్టలో వేయడానికి మనసు రాక ఫ్రిజ్‌లో పెడతారు. అది పాడయ్యాక పారేయడం తేలికవుతుంది. అంటే దాచడం కొన్నిసార్లు పారేయడానికి తొలి మెట్టు. మన ఇళ్లలో ఏ పైగది తెరిచినా ఎప్పటిదో తెలియని మంచు పట్టిన డబ్బా ఒకటి కనిపిస్తుంది. అన్నం పరబ్రహ్మమనే ఇంట్లో పారేయాలంటే చేయి ఆడదు కాబట్టి ఈ వాయిదా మనకు ఇంకా సులువు.

పనెవరిదన్న ప్రశ్నా ఉంది. ఒలవడం, ముంచడం, ఆరబెట్టడం, పొట్లాలు కట్టడం ఆడవాళ్ల నెత్తిన పడితే బఠాణీలో మిగిలిన ఆ యాభై రూపాయలు వాళ్ల గంటకు పైగా శ్రమతో కొన్నవి. పొదుపు సలహాలు ఆ గంటలను లెక్కలో రాయవు. ఇంట్లో అందరూ కూర్చుని చేసే పనైతే సరే, లేకపోతే ప్యాకెట్ కొనుక్కోవడమే గౌరవం.

న్యూజెర్సీ, డల్లాస్ తెలుగు ఇళ్లను చూసి ఇక్కడ కూడా అలాగే నింపాలనుకోవడం సరిపడదు. అక్కడ మునక్కాయ, బెండకాయ, కొబ్బరి తురుము గడ్డకట్టిన ప్యాకెట్లలోనే ఎక్కువగా తెచ్చుకుంటారు. ఆర్నెల్లకు వెళ్లిన అమ్మ తిరుగు ప్రయాణానికి ముందు డబ్బాల కొద్దీ వండి ఫ్రీజర్ నింపి వస్తుంది. దొరకనిదాన్ని దొరికేలా చేయడం అక్కడ దాని పని. కందుకూరులో రోజూ సాయంత్రం తాజా కూరగాయ దొరుకుతుంది. ఈ పరిస్థితీ మారుతోంది. కందుకూరు మండలంలోని ముచ్చర్ల, మీర్‌ఖాన్‌పేట చుట్టూ ప్రభుత్వం తలపెట్టిన ఫ్యూచర్ సిటీ ప్రణాళికలు, 2024 ఆగస్టు 1న మీర్‌ఖాన్‌పేటలో స్కిల్స్ యూనివర్సిటీకి జరిగిన శంకుస్థాపన చూస్తుంటే సాగుభూమి తగ్గి, ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు పెరిగి, వారానికోసారి కొనే అలవాటు బలపడుతుందనే అనిపిస్తుంది. అప్పుడు ఫ్రీజర్ అవసరం పెరుగుతుంది. ఇప్పటికి మాత్రం అది మితమే.

తేలిందేమిటి

ఉన్న ఫ్రీజర్‌ను వాడుకోవడం లాభం, దానికోసం కొత్తది కొనడం నష్టం. కూరగాయలన్నీ దాచనక్కర్లేదు. నిమ్మరసం, టమాట గుజ్జు, సీతాఫలం, చింతచిగురు, కొబ్బరి తురుములాంటి కొద్ది జాగా తీసుకునే నాలుగైదు వస్తువులు చాలు. మిగతా జాగా మాంసానికీ మిగిలిన వంటకూ వదలండి. సత్తువ భయం నిరాధారం, శుభ్రత భయం న్యాయమైనదే. వృథా తగ్గించే పనిలో ఫ్రీజర్‌ది రెండో స్థానం, కొలిచి కొనడం, కొలిచి వండటం మొదటిది.

రాజేంద్రనగర్‌లోని ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మనకు దగ్గరలోనే ఉన్నాయి. పుంటికూర, చింతచిగురు, సీతాఫలం, పప్పు, బిర్యానీల పేర్లతో, ఒకే తలుపు ఫ్రిజ్‌ల చలికి సరిపడే గడువులతో ఒక్క పేజీ తెలుగు పట్టిక వేసి మహిళా సంఘాల ద్వారా ఇంటింటికీ పంచడం వాటికి పెద్ద పని కాదు. ఆ పట్టిక వచ్చేలోపు మీ ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటుంది. ప్రతి పొట్లం మీద పేరూ తేదీ రాయండి, లోపల ఏమున్నాయో తలుపు మీద చీటీ అంటించండి, అందులో కనీసం సగం కొట్టివేసేదాకా కొత్తది పెట్టకండి.